ఆదివారం రేడియోలో మా అమ్మ

మోన్‌బ్లాష్, కవయోన్ కొండమీద
1997 ఫిబ్రవరి 5

క్లెర్మీజ్ గారికి,

మేమంతా క్షేమం, మీరూ క్షేమమని తలుస్తాం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. గారు పెట్టానని నొచ్చుకోవద్దు. నేను బడిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన ఈ పన్నెండేళ్లలో మీరు నాకు రాసినవి నాలుగు ఉత్తరాలు. ఒక్కదానిలోనూ కథలు రాస్తున్నానన్న మాట లేదు. చెల్లెలికి చెప్పదగ్గ సంగతి కాదనుకున్నారేమో, తిన్నగా రేడియోకే చెప్పారు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక జొజఫా కొట్టు వాకిట్లో ఆడవాళ్లమంతా కందికాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. అమ్మ కూడా ఉంది. రేడియోలో ఒకాయన గొంతు సవరించుకుని, ఈ నెల నుంచి ప్రతి మొదటి ఆదివారం ఒక భాగం చొప్పున మూడు భాగాల కథ చదువుతామన్నాడు. రాసినావిడ పేరు చెప్పాడు, పుట్టిన ఊరు చెప్పాడు, ఇప్పుడుంటున్న వీధి కూడా చెప్పాడు. మన ఊరి పేరు రేడియోలో వచ్చిందని అందరూ మురిసిపోయారు. ఆ మురిపెం కాసేపే.

ఏడేళ్ల పిల్లకు తలంటి, ఇస్త్రీ గౌను తొడిగి, సముద్రం చూద్దువుగాని రమ్మని చెప్పి, బొగ్గు బస్తాల మధ్య లారీ ఎక్కించి పట్నంలో ఎవరింట్లోనో పనికి పంపేసిన తల్లి కథ అది. లారీ కదలకముందే వెనక్కి తిరిగి నడిచిపోయిన తల్లి. సెరఫీన్ అన్న అమ్మ పేరును సెఫీన్ చేసి ఎంతో మరుగు చేశాననుకున్నారా? కథలో కూడా ఆవిడ మంత్రసానే. ఈ కొండమీద అలాంటి ఆవిడ ఇంకెవరున్నారు?

జొజఫా రేడియో గొంతు తగ్గించింది గానీ కట్టెయ్యలేదు. వినాలని దానికీ ఉంది. అమ్మ ఒళ్లో కాయలన్నీ చాటలో పోసి లేచింది. తిన్నగా ఇంటికి నడిచింది. గడప దగ్గర నన్నొక్కటే అడిగింది, "వీధి పేరెందుకు చెప్పించిందే అది?" అని.

మిగతా రెండు భాగాలు ఆపించండి. అమ్మకు అరవై ఆరేళ్లు. వీధిలో తలెత్తుకుని తిరిగిన మనిషి.

వెనీతా

*

కార్ఫూఫేయ్, పోర్టోప్రెన్స్
ఫిబ్రవరి 17

వెనీతా,

నీ ఉత్తరం ఊరి లారీ డ్రైవరు సోవేర్ శనివారం తెచ్చిచ్చాడు. గారు చూసి నవ్వొచ్చింది. మీరు నన్ను పనికి పంపిన ప్రెవిల్ మదాం ఇంట్లో పాలుతాగే పిల్లాడిని కూడా నేను గారు అనాల్సి వచ్చేది. ఆ మాట అనీ అనీ నా నోరు మొద్దుబారింది. నాకు పెట్టకు.

కథలు రాస్తున్నానని చెప్పలేదని నిష్ఠూరమా? మీలో ఎవరు అడిగారు నేనేం చేస్తున్నానని? పగలంతా బడిపిల్లల యూనిఫారాలు కుడతాను. కొలతలు గీసుకునే కాగితాల వెనక రాసుకున్నాను ఈ కథ. రేడియోవాళ్లు కథలు పంపమంటే పంపాను. పేరూ వీధీ అడిగితే ఇచ్చాను. నాకంటూ ఒక వీధి ఉందని చెప్పుకోవడం నాకు గొప్పే.

అబద్ధం ఏదో చెప్పు, కొట్టేస్తాను. అమ్మ తలంటలేదా? సముద్రం అనలేదా? నేను లారీ మీంచి పిలుస్తుంటే ఆవిడ వీపే కదా నాకు కనబడింది? అమ్మ పేరులో మింగిన ఆ అక్షరం పోతే, ఈ కథలో నేను కల్పించింది ఒక్కటే, ప్రెవిల్‌వాళ్ల కుక్క పేరు. ఆ కుక్క నాకేం అన్యాయం చెయ్యలేదు, దాని పేరు పాడుచెయ్యడమెందుకని మార్చాను.

బడికి పంపుతామని మాటిచ్చి తీసుకెళ్లారు నన్ను. తెల్లారకముందే వీధి కుళాయి దగ్గర బిందెల వరస, పగలంతా చాకిరీ, పడక భోజనాల బల్ల కింద. వాళ్లబ్బాయి పారేసిన పాఠాల పుస్తకాలు పొయ్యి రాజేయడానికిచ్చేవారు. అంటించేముందు ఒక్కో కాగితం చదివి నేర్చుకున్నాను అక్షరాలు. "పిల్లా" అనే పిలిచేవారు. పన్నెండేళ్లు నా పేరు నేనే పలుక్కున్నాను, మర్చిపోకుండా.

ఊరి లారీ వారానికి రెండుసార్లు వచ్చేది. అమ్మ ఒక్కసారి రాలేదు. ఒక్క కబురు లేదు. ఇప్పుడు నువ్వొచ్చి తల ఎత్తుకోవడం గురించి చెబుతున్నావు.

ఆపను. అయినా ఒకటి చెప్పు. కూతురుండే వీధి పేరు వింటే తల్లికి భయమెందుకు?

క్లెర్మీజ్

*

మోన్‌బ్లాష్
మార్చి 5

క్లెర్మీజ్,

రెండో భాగం చదివారు. కడుపు చల్లబడిందా?

కవలల పళ్లెం సంగతి రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి? ఒకే కొయ్యలో తొలిచిన మూడు గిన్నెలు. నీకొకటి, నీ కవల అల్తామీజ్‌కొకటి, మీ ఇద్దరి తర్వాత పుట్టినందుకు నాకొకటి. జనవరి పండుగకు కవలలకు పెట్టకుండా ఈ కొండమీద పెద్దవాళ్లు మెతుకు ముట్టరని నీకు గుర్తుంది కదా. నిన్ను పంపేసిన రోజు పొద్దున ఆ పళ్లాన్ని మన అమ్మ మచ్చుకత్తితో నరికిందని దేశమంతా చెప్పావు. కవలల్లో ఒకదాన్ని జ్వరం తీసుకుపోయింది, రెండోదాన్ని తల్లే నరికేసుకుంది అని రాశావు. రేడియో ఆయన ఆ వాక్యం చదివి కాసేపు ఆగాడు కూడా. బాగా చదువుతాడు.

మర్నాడే ఎమానీల్ కోడలు కబురు పెట్టింది, అమ్మను ఇక రావద్దని. దాని కడుపులో ఇద్దరున్నారని అమ్మే చెప్పింది, ఐదో నెల నుంచి కడుపు తడిమి చూస్తున్నదీ అమ్మే. కవలల పళ్లెం నరికిన చెయ్యి మా పిల్లలను తాకడానికి వీల్లేదన్నారట. అవతలి కొండ నుంచి ఎవరినో పిలిపించుకున్నారు. ఆ కోడలిని, వాళ్లాయనని, ఇద్దరినీ భూమ్మీద వేసింది ఈ చెయ్యే. బడిలో రెండో తరగతి పిల్ల నన్నడిగింది, "టీచర్, మీ అమ్మ మిమ్మల్ని ఎందుకు నరకలేదు?" అని. నీ చేతిలో బెత్తముంటే ఏం చేసేదానివి? నేను సుద్దముక్క విరిచి పారేశాను.

అమ్మ నడుం వాల్చడం లేదు. గుమ్మంలో కూర్చుని దారివైపు చూస్తుంది.

పళ్లెం నరికింది నిజమే. ఎందుకు నరికిందో నీకు తెలియదు. తెలియనిదాన్ని రేడియోలో చదివించడానికి సిగ్గుండాలి. ఎందుకో నేను చెప్పకూడదు, అమ్మ నాచేత ఒట్టేయించుకుంది. మూడో భాగం మాత్రం చదివిస్తే నాకు అక్క లేదనుకుంటాను.

వెనీతా

*

కార్ఫూఫేయ్
మార్చి 14

వెనీతా,

లేదనుకో. ముప్ఫై ఏళ్లుగా మీ ఇంట్లో అందరికీ అలవాటైన పనేగా, కొత్తగా కష్టపడక్కర్లేదు.

తెలియనిది రాశానట. ఏడేళ్లదాన్ని, కళ్లెదుట నా గిన్నె ముక్కలైతే ఎందుకమ్మా అని అడిగాను. ఎవరైనా చెప్పారా? చెప్పనివాళ్లకు సిగ్గులేదు గానీ చెప్పించుకోనిదానికి ఉండాలా? నీ ఒట్టు నువ్వే ఉంచుకో, దాన్ని ఉప్పులో వేసి నిలవ చేసుకో.

మూడో భాగంలో ఏముందో ముందే చెబుతాను విను. పంతొమ్మిదో ఏట ప్రెవిల్ ఇంటి నుంచి పారిపోయాను. పదకొండు గంటలు లారీలో కూర్చుని, చెప్పులు అరిగిపోతాయని చేత్తో పట్టుకుని కొండెక్కాను. అమ్మ వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తోంది. నన్ను చూసింది. నవ్వుతుందనుకున్నాను. వంగి రాయి తీసింది. "ఎవరే నువ్వు? నీవాళ్లెవరూ లేరిక్కడ, పో" అంది. మొదటి రాయి కాళ్ల దగ్గర పడింది. రెండోది మోకాలికింద తగిలింది. ఆ మచ్చ మీద వెంట్రుక మొలవదు, ఇప్పటికీ.

ఇక కథలో రాయనిది నీకు రాస్తాను. తలుపు వెనక నువ్వున్నావు. పదహారేళ్లదానివి. చేతిలో కాల్చిన మొక్కజొన్న పొత్తు. నన్ను గుర్తుపట్టావు, నీ మొహం చూశాను. నమలడం మాత్రం ఆపలేదు.

ఇది కూడా చేర్చనా? ఇంకా మూడు వారాల టైముంది.

క్లెర్మీజ్

*

మోన్‌బ్లాష్
మార్చి 22

అక్కా,

మొక్కజొన్న సంగతి దగ్గర కాగితం మడిచి పెట్టేశాను. మూడు రోజులు మళ్లీ తియ్యలేదు. నిన్న అమ్మతో చెప్పాను, అంతా రాసేస్తున్నాను, కోప్పడితే కోప్పడమని. కూర తరుగుతోంది. తరుగుతూనే ఉంది, వద్దనలేదు.

అల్తామీజ్ పోయాక తొమ్మిది రోజుల ప్రార్థనలు పూర్తికాకముందే నీకూ ఒళ్లు కాలిపోయిందట. నిద్రలో దాంతో మాట్లాడేదానివట, నవ్వేదానివట, వస్తున్నా ఉండు అనేదానివట. కవలల్లో పోయింది ఉన్నదాన్ని పిలుచుకుంటుందని ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. పూజలు చేసే ముసలాయన వచ్చి చూసి, మీ పళ్లెం విడగొట్టమన్నాడు. బతికినదాన్ని ఏడాది ఒక రోజు ఎక్కడైనా దూరంగా దాచమన్నాడు. అన్నాళ్లూ తల్లి దాని పేరు పలకకూడదు, కబురు పంపకూడదు, వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడకూడదు. చచ్చిపోయిన పిల్ల తల్లి పావడా పట్టుకునే తిరుగుతుంది, తల్లి ఎటు వెళ్తే అటు వెళ్తుంది, తల్లి ఎవరిని పిలిస్తే అదీ పిలుస్తుంది అన్నాడు. అందుకే అక్కా నీకు వీపు కనబడింది.

గడువు అయిపోయిన రోజున అమ్మ నిన్ను తెచ్చుకోవడానికి మూట కట్టుకుని లారీ దగ్గరికి దిగింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడే పట్నం నుంచి వచ్చిన డ్రైవరు, నీ కూతురికి విషజ్వరం, ఆఖరి ప్రార్థనకు ఫాదర్‌ను కూడా పిలిచారట అని చెప్పాడు. అమ్మ ఆ కాలు దించేసింది. తను కదిలింది గనకే అల్తామీజ్ తనకంటే ముందు నీ దగ్గరికి చేరిందనుకుంది. వారం తిరక్కుండా నీకు తగ్గిందని తెలిసింది. అంతే, అమ్మకు నమ్మకం కుదిరిపోయింది. తను రాకపోతే నువ్వు బతుకుతావు. ముసలాయన చెప్పింది ఏడాది, అమ్మ పాటించింది ముప్ఫై ఏళ్లు. నువ్వు వాకిట్లోకి నడిచొచ్చిన రోజు ఆ రాళ్లు నీ మీద కోపంతో వేసినవి కావు. నిన్ను తన దగ్గరి నుంచి తరమడానికి వేసింది.

ఇప్పుడు రేడియో నీ పేరూ వీధీ చదివింది. అమ్మ ఎవరికోసం దారి చూస్తోందో, ఎవరు విని ఉంటారని భయపడుతోందో నీకు చెప్పక్కర్లేదు.

నా సంగతి. ఆ పొత్తు తిన్నాను, నిజమే. ఇదంతా నాకప్పటికే తెలుసు. నీ వెంట పరుగెత్తి చెప్పగలిగేదాన్ని, నువ్వు వాగు దాటేదాకా టైముంది. నన్ను ఆ ఏడే సిస్టర్ల బడిలో చేర్చడానికి మాట్లాడారు. నువ్వు తిరిగొస్తే నన్ను మానిపిస్తారేమోనని ఊరుకున్నాను. ఇంట్లో ఒక్క కూతురుగా ఉండటం నాకు బాగుంది. ఇది అమ్మకు తెలియదు.

మూడో భాగం నీ ఇష్టం. ఆపమని అడిగే మొహం నాకిక లేదు. అమ్మ కోసం అడుగుతున్నాను.

నీ చెల్లెలు
వెనీతా

*

కార్ఫూఫేయ్
మార్చి 29

వెనీతా,

ఆ జ్వరం నాకు గుర్తుంది. ప్రెవిల్‌వాళ్లు కాచిన నీళ్లు తాగేవారు, నాకు తొట్టి అడుగున మిగిలినవి. అందుకొచ్చింది. అమ్మ లారీ మెట్టు మీద కాలు పెట్టేటప్పటికే నేను పడకేసి నాలుగు రోజులైంది. అల్తామీజ్ అక్కడికి రాలేదు. వస్తే బాగుండునని నేనే చాలాసార్లు అనుకున్నాను. బల్ల కింద మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉండేది.

చచ్చిపోయినదానికి ఏటా జనవరిలో వేరే గిన్నెలో పెడుతున్నారు కదా, పెట్టకుండా ఉండరు మీరు. మాంసం వేస్తారా? తీపి వేస్తారా? చచ్చిన పిల్ల అలుగుతుందని అంత భయపడ్డవాళ్లకు, బతికిన పిల్ల ఆకలితో ఉందేమోనని ఒక్క రోజు భయం వెయ్యలేదా? ముసలాయన ఏడాది అన్నాడు. ఏడాది నేను క్షమించగలను. మిగిలిన ఇరవై తొమ్మిది ఎవరి చలవ?

ఎందుకో తెలిస్తే కోపం తగ్గుతుందని అనుకునేదాన్ని. తగ్గలేదు. ఇన్నాళ్లూ ప్రేమలేని తల్లి అని తిట్టుకున్నాను, అది సులువుగా ఉండేది. ఇప్పుడు ఏమని తిట్టను? నా దగ్గర ఉన్న ఒక్క మాట కూడా లాగేసుకున్నావు. అమ్మ భయం నిజమే, ఒప్పుకుంటాను. దాంతో నా వీపు మీద ఒక్క గీత చెరగదు.

నువ్వు ఊరుకున్నందుకు నిన్నేమంటానని ఎదురుచూస్తున్నావేమో. ఏమీ అనను. రేడియోవాళ్లకు నిన్న ఒక పేజీ అదనంగా ఇచ్చాను. తలుపు వెనక చెల్లెలు కూడా ఉంది అందులో, పొత్తుతో సహా. మూడో భాగం ఏప్రిల్ ఆరున చదువుతారు. అమ్మ వినకపోతే నువ్వు విను.

క్లెర్మీజ్

*

మోన్‌బ్లాష్
ఏప్రిల్ 3

అక్కా,

కింద ఉన్నదంతా అమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక్క ముక్క సర్దలేదు.

"ఏమే క్లెర్మీజ్. నీ పేరు నోటికి రావడానికి మొన్న పొయ్యి దగ్గర కూర్చుని నాలుగుసార్లు అనుకున్నాను. నాలుగోసారికి తిన్నగా వచ్చింది. కథ ఆపకు. ఆపమని నేనెప్పుడూ అనలేదు, అన్నది నీ చెల్లెలు. రెండు రాళ్లు వేశానని రాశావట. మూడు వేశాను. మూడోది నీకు తగల్లేదు, నువ్వు వెనక్కి తిరిగావు, చూడలేదు. అది కూడా రాసుకో. పళ్లెం నరికింది నేనే, నిన్ను ఎక్కించింది నేనే. ఎమానీల్ కోడలు రావద్దంటే మానెయ్యనీ, ఆ బిడ్డలు అడ్డం తిరిగితే అప్పుడు పిలుస్తుంది, అప్పుడూ వెళ్తాను. నాకూ కోపముంది నీమీద. పంతొమ్మిదేళ్ల మనిషివి, మూడు రాళ్లకే వెళ్లిపోతావా? నా పొట్టన పుట్టినదానివి, ఇంకాస్త మొండిదానివనుకున్నాను. వాకిట్లో కూలబడి ఏడుస్తావనుకున్నాను. అలా కూలబడి ఉంటే నా వల్ల అయ్యేది కాదు. సరే, అయిపోయింది. నీ వీధి పేరు అందరికీ తెలిసిపోయింది, అల్తామీజ్‌కూ తెలిసే ఉంటుంది. ఇక దాచడానికేముంది. అది నీకోసం వస్తే రానీ. నేనూ అక్కడే ఉంటాను. ముందు నాతో మాట్లాడాలి అది."

ఇది నీకు సోవేర్ తెచ్చివ్వడం లేదు. తెచ్చింది అమ్మే. ఈపాటికి నీ ఎదురుగా నిలబడి ఉంటుంది. ముందు సీటిస్తానంటే వద్దని బస్తాల మీద ఎక్కింది, నువ్వు ఎలా వెళ్లావో చూడాలట. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. తలుపు తీస్తావో రాళ్లు తీస్తావో నీ ఇష్టం.

వెనీతా

*

కార్ఫూఫేయ్
ఏప్రిల్ 8

వెనీతా,

అరవై ఆరేళ్ల మనిషిని పదకొండు గంటలు బస్తాల మీద పంపావు, నీకు బుద్ధుందా?

తలుపు తీశాను. లోపలికి రమ్మనలేదు, ఆవిడే వచ్చింది. గది చుట్టూ చూసి, కుట్టుమిషన్ తాకి చూసి, మంచం మీద కూర్చుంది. నీ ఉత్తరం చదవడం అయ్యాక మొదలుపెట్టాను. ప్రెవిల్ ఇంటి మొదటి రోజు నుంచి ఒక్కటీ వదల్లేదు. మధ్యలో వెక్కిళ్లొస్తే నీళ్లు తాగి మళ్లీ తిట్టాను. ఆవిడ ఊరికే వింటుందనుకున్నావా? అదెప్పుడు, ఇదెవరు కొట్టారు, ఏ చెయ్యి అని అడుగుతూ కూర్చుంది. జ్వరం తను లారీ మెట్టెక్కకముందే వచ్చిందని కూడా చెప్పాను. ఎన్నాళ్లు ముందు అని అడిగింది. నాలుగు రోజులన్నాను. మొహం గోడవైపు తిప్పుకుంది. నాకు జాలి వేసింది, వేసినందుకు ఇంకా కోపం వచ్చింది. శుక్రవారం, శనివారం ఇదే పని. అన్నం వండాను, తిన్నాం, ఉప్పు తక్కువైందంది. దానిమీద ఇంకో గంట.

ఆదివారం మా వాడకట్టులో రేడియో ఒక్కటే, పక్కింటి గుమ్మంలో పెడతారు. పదిహేనుమంది చేరతారు. లోపలే ఉండమంటే వినలేదు, కుర్చీ మోసుకొచ్చి ముందు వరసలో వేసుకుంది. ఆయన చదివాడు. రాళ్ల దగ్గరికొచ్చేసరికి మా ఇస్త్రీ ఆవిడ ఒదీల్ లేచి చేతులు తిప్పుతూ, "ఇది తల్లా, రాక్షసా? నా కంటపడితే దాని నోట్లో బొగ్గు కుక్కుతా" అంది. అందరూ అందుకున్నారు. ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. చెల్లెలికీ పడ్డాయి నాలుగు.

అమ్మ లేచి నిలబడింది. పావడా సర్దుకుంది. "ఆ తల్లిని నేనే. బొగ్గు తెచ్చుకో" అంది.

అందరూ నా మొహం చూశారు. ఒదీల్ అయితే, నువ్వొక్క మాట చెప్పవే, జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడుస్తాను అంది నాతో. ముప్ఫై ఏళ్లు అదే మాట కోసం ఎదురుచూసినదాన్ని వెనీతా, ఎవరో ఒకరు నావైపు నిలబడి ఆవిడను ఈడిస్తే బాగుండునని. నాకేమైందో తెలియదు. వెళ్లి ఒదీల్‌ను వెనక్కి నెట్టాను. "మా అమ్మను తిట్టడానికి నేనున్నాను. మధ్యలో నువ్వెవరే?" అన్నాను. చెల్లెలి గురించి కూడా నోరెత్తవద్దన్నాను. కథ వాళ్లచేత తిట్టించడానికే రాశాను. అయినా అన్నాను.

రేడియో ఇంకా చదువుతూనే ఉంది. మేమిద్దరం లోపలికొచ్చి, పొద్దున ఎక్కడ ఆపామో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాం.

శనివారం లారీకి అమ్మను ఎక్కించమని రాయకు, పంపను. నేను అనాల్సింది ఇంకా చాలా ఉంది. నువ్వూ రా. నీ వంతు అలాగే ఉంది.

అక్క